పాత పాపాల వైపు తిరిగి వెళ్ళకుండా దేవునికి నమ్మకంగా ఉండటం: తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రభువును నమ్ముకున్న కొత్తలో ఈ ప్రశ్నలు రావు. అప్పుడు మనసంతా పండగలా ఉంటుంది. కొన్ని నెలలు గడిచాక, ఒక్కోసారి కొన్నేళ్ళు గడిచాక, ఏదో ఒక రాత్రి పాత జీవితం వచ్చి తలుపు తడుతుంది. మర్నాడు ఎవరినైనా అడగాలనిపిస్తుంది, కానీ నోరు పెగలదు. అలా గొంతు తగ్గించి నన్ను కొందరు అడిగినవీ, ఒకప్పుడు నేనే ఇంకొకరిని అడిగినవీ ఇక్కడ రాస్తున్నాను. నేను పాస్టర్‌ని కాను. ఆన్‌లైన్ పందేల్లో నాలుగేళ్ళు మునిగి, బయటపడి, మళ్ళీ జారి, మళ్ళీ లేచినవాణ్ణి.

నిజంగా మారుమనస్సు పొందితే పాత పాపం మీద ఆశ ఎందుకు పుడుతుంది? నా రక్షణ నిజం కాదేమో?

ఆశ పుట్టినంత మాత్రాన మీ రక్షణ అబద్ధం అయిపోదు. శరీరం ఆత్మకీ, ఆత్మ శరీరానికీ విరోధంగా ఆశపడతాయని పౌలు గలతీయులకు రాశాడు. ఆ ఉత్తరం అందుకున్నది విశ్వాసులే. లోపల దేవుని ఆత్మ లేనివాడికి ఈ గొడవ ఎక్కడిది? పాపం పిలుస్తుంది, వెళ్తాడు, అంతే. మీకు నిద్ర పట్టడం లేదంటే లోపల ఒకరు దానికి ఒప్పుకోవడం లేదన్నమాట. నాకు భయం వేసేది ఈ పోరాటంతో ఏడ్చేవాళ్ళని చూసి కాదు. "ఇప్పుడు ఏమీ అనిపించట్లేదు, అలవాటైపోయింది" అని నిమ్మళంగా చెప్పేవాళ్ళని చూస్తే భయం వేస్తుంది.

శోధన రావడమే పాపమా?

కాదు. యేసు ప్రభువు అరణ్యంలో నలభై రోజులు శోధించబడ్డాడు, అయినా ఆయనలో పాపం లేదు. ఎవరో వచ్చి తలుపు కొట్టడం వేరు, మనం తలుపు తీసి కుర్చీ వేయడం వేరు.

అంత ఏడ్చి, అంత నష్టపోయి బయటికొచ్చిన జీవితమే మళ్ళీ తియ్యగా ఎందుకు గుర్తొస్తుంది?

నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. అందుకే కొంచెం ఎక్కువ రాస్తాను.

ఇశ్రాయేలీయులు ఐగుప్తులో (ఈజిప్టులో) బానిసలుగా ఉన్నప్పుడు ఏం జరిగిందో నిర్గమకాండం మొదటి అధ్యాయాల్లో ఉంది. మట్టి పిసికి ఇటుకలు చేశారు. తర్వాత గడ్డి ఇవ్వడం మానేసి, మీరే ఏరుకోండి, ఇటుకల లెక్క మాత్రం తగ్గకూడదు అన్నారు. పుట్టిన మగబిడ్డల్ని నదిలో పారేయమని రాజాజ్ఞ. ఆ మూలుగు విని దేవుడు దిగివచ్చి విడిపించాడు. సముద్రం పాయలై దారి ఇచ్చింది. తీరా బయటికి వచ్చి ఒక్క నెల గడిచిందో లేదో, పదహారో అధ్యాయంలో వాళ్ళు ఏమంటున్నారు? అక్కడ మాంసం కుండల దగ్గర కూర్చుని తృప్తిగా తినేవాళ్ళం అంటున్నారు. సంఖ్యాకాండం 11లో ఆ లిస్టు ఇంకా పెరిగింది: చేపలు, కీరకాయలు, దోసకాయలు, కూరాకులు, ఉల్లిపాయలు, తెల్లగడ్డలు. పైగా ఆ చేపలు 'ఉచితంగా' తిన్నామట.

ఆ ఉచితం అన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. కన్నబిడ్డల్ని నదికి ఇచ్చి, వీపు మీద దెబ్బలు తిని, ఆ చేపల్ని ఉచితమని గుర్తుపెట్టుకున్నారు. జ్ఞాపకం చేసే మోసం ఇదే. కూరాకుల రుచి దాచిపెట్టి, కొరడా మోత చెరిపేస్తుంది. ఇటుకల సంగతి ఆ లిస్టులో లేనే లేదు.

నాకూ అంతే. పందెం గెలిచిన ఒక రాత్రి నాకు ఇప్పటికీ పూసగుచ్చినట్టు గుర్తుంది: టైము, స్కోరు, ఎవరికి ఫోన్ చేశానో కూడా. ఓడిపోయిన రాత్రులు వందల్లో ఉంటాయి, విడివిడిగా ఒక్కటీ గుర్తుకు రాదు. అందుకే మా సంఘంలో ఒక పెద్దాయన నాతో ఒక పని చేయించారు. ఒక నోటుబుక్కులో నా ఇటుకలు రాయమన్నారు. ఎవరి దగ్గర అబద్ధం చెప్పి అప్పు తెచ్చాను, మా ఆవిడ గాజులు ఏ రోజు తాకట్టు పెట్టాను, ఆ సాయంత్రం ఆమె చేతులు ముందుకు రాకుండా కొంగు కప్పుకుని వచ్చినవాళ్ళకి మంచినీళ్ళు ఎలా ఇచ్చింది. రాయడానికి మూడు రోజులు పట్టింది. కూరాకులు గుర్తొచ్చినప్పుడల్లా ఆ పుస్తకం తీస్తాను. క్షమించబడిన పాపాన్ని తవ్వుకోవడం కాదా ఇది అని ఒకరు అడిగారు. కాదు. దేవుడు నా లెక్క కొట్టేశాడు. నేను మాత్రం ఆ చేపలు ఉచితం కాదని గుర్తుపెట్టుకోవాలి.

పడిపోవడం అసలు ఎక్కడ మొదలవుతుంది?

మనం అనుకున్న చోటు కంటే చాలా ముందు. దావీదు కథలో పాపం బత్షెబను పిలిపించిన దగ్గర మొదలైనట్టు చెప్పుకుంటాం. సమూయేలు రెండో గ్రంథం పదకొండో అధ్యాయం మాత్రం ఇంకాస్త వెనక నుంచి మొదలుపెడుతుంది. రాజులు యుద్ధానికి బయలుదేరే కాలం, యోవాబునీ సైన్యాన్నీ పంపించి దావీదు యెరూషలేములో ఉండిపోయాడు. పొద్దువాలే వేళ పడక మీది నుంచి లేచి మిద్దె మీద తిరుగుతున్నాడు. అప్పటికి ఆయన ఏ తప్పూ చేయలేదు. కానీ ఉండాల్సిన చోట మాత్రం లేడు.

నేను మళ్ళీ జారిన రాత్రి గురించి చాలాసార్లు ఆలోచించాను. యాప్ తెరవడానికి చాలా ముందే ఒక పని చేశాను. ఫోన్ వెలుతురు తగ్గించి, గోడవైపు తిరిగి పడుకున్నాను. అప్పుడు చూస్తున్నది మామూలు వార్తలే. ఎవరికీ కనపడకూడని పని ఇంకా ఏదీ చేయలేదు. మరి వెలుతురు ఎందుకు తగ్గించినట్టు? నా వేలికి ముందే తెలుసు. ఒప్పుకోనిది మనసు ఒక్కటే.

ప్రతివాడూ తన సొంత ఆశ చేత ఈడ్వబడి మరులుకొల్పబడతాడని, ఆ ఆశ గర్భం ధరించి పాపాన్ని కంటుందని యాకోబు రాశాడు. గర్భం అన్న మాటలోనే కాలం ఉంది. కడుపులో పడటానికీ కనడానికీ మధ్య వ్యవధి ఉంటుంది. మీ విషయంలో ఆ వెలుతురు తగ్గించే క్షణం ఏదో కనిపెట్టండి. కొందరికి అది ఆఫీసు నుంచి ఇంటికి వేరే దారిలో రావడం. కొందరికి భార్యతో చిన్న గొడవ పెట్టుకుని బయటికి వెళ్ళడం. కొందరికి "ఊరికే పలకరిద్దాం" అని పాత నంబరుకి పంపే మెసేజ్. యోసేపు పోతీఫరు భార్య దగ్గర వాదన పెట్టుకుని గెలవలేదు, వస్త్రం వదిలేసి పారిపోయాడు. ఆ క్షణంలో లేచి నలుగురున్న గదిలోకి వెళ్ళడం పెద్ద ప్రార్థనతో సమానం అంటాను నేను.

పాపం మానేస్తే చాలదా?

చాలదు. మత్తయి 12లో ప్రభువు చెప్పిన మాట చూడండి. అపవిత్రాత్మ విడిచిపోయిన ఇల్లు ఊడ్చి, అలంకరించి ఉంది, కానీ ఖాళీగా ఉంది. అది తిరిగొచ్చి, తనకంటే చెడ్డవాటిని ఇంకో ఏడింటిని వెంటబెట్టుకుని వచ్చింది. ఇల్లు మురికిగా ఉన్నందుకు కాదు, అందులో ఎవరూ లేనందుకు ఈ గతి పట్టింది.

మానేసినవాళ్ళకి అన్నిటికంటే కష్టం ఖాళీ టైమే. పాపం మన రోజులో గంటలు గంటలు తినేస్తుంది. దాన్ని తీసేస్తే ఆ గంటలు అలాగే మిగిలిపోతాయి. పౌలు ఎఫెసీయులకు రాసిన మాట నాకు ఇందుకే ఇష్టం. దొంగతనం చేసేవాడు ఇక చేయకూడదు అని ఆపేయలేదు. అక్కరలో ఉన్నవాళ్ళకి పంచిపెట్టడానికి తన చేతులతో మంచి పని చేస్తూ కష్టపడాలి అన్నాడు. తీసుకున్న చేతులే ఇవ్వాలి. మీ పాపం ఏ గంటలో ఉండేదో ఆ గంటలోనే వాక్యం పెట్టండి, సహవాసం పెట్టండి, ఎవరికైనా ఉపయోగపడే పని పెట్టండి. పొద్దున్న ఆరింటికి బైబిలు చదివి, రాత్రి పదకొండింటిని ఖాళీగా వదిలేస్తే ఇంటికి వెనక తలుపు తెరిచి ఉంచినట్టే.

పాత స్నేహితులందర్నీ వదిలేయాలా?

అందర్నీ కాదు. యేసు పన్నులు వసూలు చేసే సుంకరులతో, పాపులతో కలిసి భోంచేశాడు. కానీ ఆయన అక్కడికి వైద్యుడిగా వెళ్ళాడు. మీరు ఇంకా రోగి మంచం మీదే ఉంటే వైద్యుడి వేషం వేయకండి. ఆ స్నేహితుణ్ణి పాపం లేని చోట కలవగలిగితే కలవండి. మీ ఇద్దరి మధ్య ఆ పాపం తప్ప ఇంకేమీ లేకపోతే అది స్నేహం కాదు, ప్రేమతోనే దూరం జరగండి.

వస్తువుల విషయంలో మాత్రం మొహమాటం వద్దు. ఎఫెసులో మాంత్రిక విద్య చేసి తర్వాత నమ్మినవాళ్ళు తమ పుస్తకాలు తెచ్చి అందరి ముందు కాల్చేశారు. వాటి వెల యాభై వేల వెండి నాణేలని అపొస్తలుల కార్యాలు 19 చెబుతోంది. అమ్ముకుని ఆ డబ్బు కానుక వేయొచ్చు కదా అని ఒకరైనా అని ఉంటారు. కాల్చేశారు. తిరిగి కొనుక్కోవడానికి దారి మిగలకూడదు.

మళ్ళీ పడ్డాను. ఏ మొహం పెట్టుకుని ప్రార్థన చేయను?

ఆ మొహంతోనే చేయండి. వేరే మొహం తెచ్చుకునేదాకా ఆగితే ఆ ఆగడమే మనల్ని చంపుతుంది. పడిన రోజు కంటే పడ్డాక సిగ్గుతో దేవునికి దూరంగా ఉన్న వారాలే నాకు ఎక్కువ నష్టం చేశాయి. 'ఎలాగూ పాడైపోయాను' అనే మాట సాతానుకి చాలా ఇష్టమైన మాట.

ఒకే రాత్రి ఇద్దరు శిష్యులు పడిపోయారు. యూదా ఆయన్ని అప్పగించాడు, పేతురు ఎరగనన్నాడు. ఇద్దరూ కుమిలిపోయారు. యూదా అయితే ముప్పై వెండి నాణేలు వెనక్కి తెచ్చి, నిరపరాధిని అప్పగించి పాపం చేశానని నోటితో ఒప్పుకున్నాడు కూడా. కానీ ఎవరి దగ్గర? ప్రధాన యాజకుల దగ్గర. "దానితో మాకేమి" అన్నారు వాళ్ళు. అక్కణ్ణుంచి వెళ్ళి ఉరి వేసుకున్నాడు. పాపం కొనుక్కున్నవాళ్ళ దగ్గర పాపక్షమాపణ దొరకదు. పేతురు వెక్కి వెక్కి ఏడ్చాడు, కానీ మిగతా శిష్యులతోనే ఉండిపోయాడు. ప్రభువు ఒడ్డున నిలబడ్డాడని తెలియగానే పడవ ఆగకముందే నీళ్ళలోకి దూకి ఆయన దగ్గరికే వెళ్ళాడు.

అక్కడ ఇంకో సంగతి ఉంది. యోహాను సువార్తలో పేతురు చలి కాచుకుంటూ ప్రభువును ఎరగనన్నది ఒక బొగ్గుల మంట దగ్గర. ఒడ్డున ప్రభువు చేపలు కాల్చి పెట్టి, "నన్ను ప్రేమిస్తున్నావా" అని మూడుసార్లు అడిగిందీ బొగ్గుల మంట దగ్గరే. మూల గ్రీకు భాషలో ఆ మాట కొత్త నిబంధన మొత్తంలో ఈ రెండు చోట్లే వస్తుంది. పడిన చోటు వాసన వచ్చేచోటే కూర్చోబెట్టి లేపాడు. తిట్టలేదు. నా గొర్రెలను మేపు అన్నాడు.

దేవుడు క్షమిస్తాడు కదా అని మళ్ళీ చేయొచ్చా? ఒకే పాపానికి ఎన్నిసార్లు క్షమిస్తాడు?

ఈ రెండూ ఒకేలా కనిపించే వేరు వేరు ప్రశ్నలు. రెండోది ఏడుస్తూ అడుగుతారు. దానికి జవాబు: ఏడు సార్లు కాదు, డెబ్బై ఏడుల సార్లు క్షమించమని మనకే చెప్పినవాడు మనకంటే తక్కువ క్షమిస్తాడా? మన పాపాలు ఒప్పుకుంటే ఆయన నమ్మదగినవాడు, నీతిమంతుడు.

మొదటిది పాపం చేయకముందు లెక్క వేసుకుంటూ అడుగుతారు. దానికి పౌలు రోమీయులకు రాసిన జవాబు ఒక్కటే: అట్లనరాదు. చేసేముందే క్షమాపణ బుక్ చేసుకోవడం పశ్చాత్తాపం కాదు, బేరం. అలా బేరమాడిన రాత్రులు నాకూ ఉన్నాయి. క్షమాపణ దేవుని కుమారుడి రక్తం పెట్టి కొన్నదని ఆ రాత్రుల్లో నేను ఒక్కసారి కూడా తలుచుకోలేదు.

హెబ్రీయులకు రాసిన పత్రిక ఆరో అధ్యాయం చదివితే నాకు ఇక దారి లేదనిపిస్తోంది. నిజమేనా?

ఒకసారి వెలిగింపబడి తప్పిపోయినవాళ్ళని మారుమనస్సు పొందేలా మళ్ళీ నూతనపరచడం అసాధ్యం అని అక్కడ ఉన్నమాట నిజం. దాన్ని పలచన చేసి చెప్పను. ఈ వచనాల మీద విశ్వాసుల్లోనే రెండు మూడు అభిప్రాయాలున్నాయి. నిజమైన విశ్వాసి పూర్తిగా తప్పిపోడని కొందరు, తప్పిపోవచ్చు కాబట్టే ఈ హెచ్చరిక అని కొందరు. నేను చెప్పగలిగేది ఇది: అక్కడి మాట బలహీనతతో పడి ఏడ్చేవాడి గురించి కాదు, క్రీస్తునే కాదని పారేసి బహిరంగంగా అవమానపరిచేవాడి గురించి. మూడు వచనాలు దాటగానే ఆ రచయితే "ప్రియులారా" అని పిలిచి, మీ విషయంలో ఇంతకంటే మంచివే నమ్ముతున్నాం అంటాడు. మీరు తిరిగి రావాలని తపిస్తున్నారంటే, ఆ తపన ఎవరు పుట్టించారు?

సంఘం ఈ ప్రశ్నను చాలా పెద్ద ఎత్తున ఎదుర్కొన్న రోజులు ఒకప్పుడున్నాయి. క్రీ.శ. 250లో రోమా చక్రవర్తి డెసియస్ అందరూ దేవతలకు బలి అర్పించి సర్టిఫికెట్ తీసుకోవాలని ఆజ్ఞ ఇచ్చాడు. చాలామంది క్రైస్తవులు భయపడి అర్పించారు. కొందరు అర్పించకుండానే లంచం ఇచ్చి సర్టిఫికెట్ తెచ్చుకున్నారు. హింస ఆగాక వీళ్ళంతా సంఘం గుమ్మంలో నిలబడ్డారు. తీసుకోకూడదు, దేవుడే చూసుకుంటాడు అన్నాడు రోములో నొవాటియన్. కార్తేజ్ బిషప్ సిప్రియన్ దగ్గర 251లో సభ జరిగింది. తేలిగ్గా తీసుకోలేదు, ఎవరెంత దూరం పోయారో చూసి, పశ్చాత్తాపానికి సమయం పెట్టారు. కానీ తలుపు మూయలేదు. ఆ సిప్రియన్ కూడా ఆ హింసలో దాక్కున్నవాడే. 258లో ఆయన వంతు వచ్చినప్పుడు దాక్కోలేదు, క్రీస్తు కోసం ప్రాణం ఇచ్చాడు.

ఇది ఎవరికైనా చెప్పాలా? దేవునికి చెప్పుకుంటే సరిపోదా?

క్షమాపణకి దేవుడు చాలు. స్వస్థతకి మాత్రం మీ పాపాలు ఒకరితో ఒకరు ఒప్పుకోండి అంటాడు యాకోబు. అందరికీ చెప్పక్కర్లేదు. నోరు జారని, మిమ్మల్ని చూసి అదిరిపోని, అలాగని పోనీలే అనేయని ఒక్కరిని చూసుకోండి. పడ్డాక కాదు, వెలుతురు తగ్గించాలనిపించినప్పుడే ఫోన్ చేయగలిగిన మనిషి కావాలి.

మీ పాపం వల్ల ఇంకొకరు నష్టపోయి ఉంటే దేవునికి చెప్పి ఊరుకోవడం కుదరదు. సుంకరి జక్కయ్య తాను అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. మద్యం, మత్తు పదార్థాల అలవాటైతే డాక్టర్ని కూడా కలవండి. బాగా తాగేవాళ్ళు ఉన్నట్టుండి ఒక్కసారి ఆపేస్తే ఫిట్స్ వచ్చి ప్రాణం మీదకి రావచ్చు. డాక్టర్ దగ్గరికి వెళ్ళడం విశ్వాసం తక్కువై కాదు.

మా అబ్బాయి మందిరం మానేసి పాత దారి పట్టాడు. ఏం చేయను?

తల్లులు అడిగే ఈ ప్రశ్నకి నా దగ్గర తేలికైన జవాబు లేదు. తప్పిపోయిన కుమారుడి తండ్రి వాడి వెనక దూరదేశం పరిగెత్తలేదు. అక్కడికి డబ్బు పంపినట్టూ లేదు. కానీ వాడు ఇంకా దూరంగా ఉండగానే చూశాడు. చూడాలంటే ఆ దారి వైపు కళ్ళు ఉండాలి కదా. వాడి అప్పులు తీరుస్తూ పోకండి. అన్నం మాత్రం పెట్టండి. వచ్చినప్పుడు మొదటి మాట లెక్కలు అడిగేది కాకుండా చూసుకోండి.

నేను మారాను. సంఘంలో మాత్రం నన్ను ఇంకా పాతవాడిలాగే చూస్తున్నారు.

బాధగానే ఉంటుంది. మార్కు అనే యోహాను పంఫూలియలో పౌలును వదిలేసి యెరూషలేముకి వెళ్ళిపోయాడు. తర్వాతి ప్రయాణానికి అతన్ని తీసుకెళ్దామని పౌలు తోటి సేవకుడు బర్నబా అంటే పౌలు ససేమిరా అన్నాడు. ఇద్దరూ విడిపోయేంత వివాదం అయింది. పౌలు అనుమానంలోనూ న్యాయం ఉంది. బర్నబా మాత్రం మార్కును వెంటబెట్టుకుని కుప్ర (సైప్రస్) దీవికి ఓడ ఎక్కాడు. ఏళ్ళు గడిచాయి. తిమోతికి రాసిన రెండో పత్రిక చివరి అధ్యాయంలో, తన తోటి పనివాడైన దేమా ఈ లోకాన్ని స్నేహించి నన్ను విడిచిపోయాడు అని రాసిన పౌలు, మరుసటి వచనంలోనే మార్కును తీసుకురా, అతను నాకు పరిచర్యకు పనికొస్తాడు అంటాడు. వెళ్ళిపోయినవాడూ, తిరిగి వచ్చినవాడూ పక్కపక్క వచనాల్లో ఉన్నారు.

మీకు ఒక బర్నబాను ఇమ్మని అడగండి. పౌలులాంటివాళ్ళకి టైమ్ ఇవ్వండి.

ఈ పోరాటం ఎన్నాళ్ళు? ఎప్పటికైనా ఆగుతుందా?

కొందరికి ఒక్క రాత్రిలో ఆశే చచ్చిపోతుంది. అలాంటి సాక్ష్యాలు విన్నాను, నమ్ముతాను కూడా. నాకు అలా జరగలేదు. మొదటి సంవత్సరం రోజూ పోరాటమే. తర్వాత వారానికొకసారి. ఇప్పుడు నెలలు గడిచిపోతాయి, గుర్తే రాదు. జీతం పడిన రోజు రాత్రి మాత్రం కొంచెం వస్తుంది. ఆ రోజు మా ఆవిడకి ముందే చెబుతాను. ఆమె ఏమీ అనదు. నా ఫోన్ తీసుకెళ్ళి వంటగదిలో చార్జింగ్ పెట్టి, లైటు ఆర్పి వస్తుంది. ఇద్దరం కలిసి యాభై ఒకటో కీర్తన చదువుకుంటాం. "నీ రక్షణానందము నాకు మరల పుట్టించుము" అన్న చోట ఆమె గొంతు కూడా నాతో కలుస్తుంది.